వదిన విన్న ప్రసంగం

మా ఇంట్లో వానాకాలం అంటే రెండే పనులు. ఆరని బట్టలను ఇస్త్రీతో ఆరబెట్టడం, ఉపన్యాసాలు వినడం. రెండూ వదినే చేసేది.

ఊళ్లో గ్రంథాలయం మేడమీది హాలులో ఏటా వానాకాలమంతా శనివారం సాయంత్రాలు ఉపన్యాసాలు జరుగుతాయి. భూమి గురించి, దాని ధర గురించి, ఊరు ఎటు పెరగాలన్న దాని గురించి. టిక్కెట్టు లేదు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. వానలకు సర్వే పనులు ఆగిపోతాయి కనుక మ్యాపులు గీసేవాళ్లూ లెక్కలు కట్టేవాళ్లూ ఊళ్లో దొరుకుతారని ఆ కాలాన్ని ఎంచుకున్నది నా భార్య. ఆమె పట్టణ ప్రణాళిక కార్యాలయంలో పనిచేసేది. ఆ ఉపన్యాసాలు మొదలుపెట్టింది ఆమే. మాట్లాడేవాళ్లను వెతికి, బతిమాలి తెచ్చిందీ ఆమే. ప్రతి ఏడూ చివరి శనివారం మాత్రం తనే మాట్లాడేది.

ఆమె పెట్టిన నియమం ఒకటుంది. హాలులో మాట్లాడబోయేది ఎంతటివాడైనా సరే, ముందు మా ఇంటికి వచ్చి ఆ ప్రసంగమంతా వదినకు చెప్పాలి. వదిన అంటే నా భార్యకు అక్క. పెళ్లి చేసుకోలేదు. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక మాతోనే ఉంటోంది. ముందుగదిలో బల్ల మీద దుప్పటి పరిచి ఆవిడ ఇస్త్రీ చేస్తూ వింటుంది. వచ్చినవాడు ఎదురు కుర్చీలో కూర్చుని చెబుతాడు. ఇస్త్రీపెట్టె నడుస్తున్నంతసేపూ ప్రసంగం నడుస్తున్నట్టే. ఆవిడ పెట్టెను ఎత్తి నిలబెట్టిందంటే అక్కడ అర్థం కాలేదని. ఆ ముక్క మళ్లీ చెప్పాలి, పెట్టె మళ్లీ కదిలేదాకా.

పన్నుల మీద పెద్ద పెద్ద పుస్తకాలు రాసిన ప్రొఫెసరొకాయన మా ముందుగదిలో చెమటలు కక్కడం నేను చూశాను. ఆయన గొంతు పెంచిన కొద్దీ వదిన పెట్టె నిలబెట్టేది. చివరికి, "ప్రొఫెసరుగారూ, ఇది ట్రంకు కాల్ కాదు. ఎదురుగానే ఉన్నాను, మెల్లగా చెప్పండి," అంది. ఆయన మెల్లగా చెప్పాడు. ఆ శనివారం హాలులో ఒక్కరు కూడా మధ్యలో లేచి వెళ్లలేదు. ఆ తర్వాత ఆయన ఎక్కడ కనబడినా ముందు వదిన క్షేమం అడిగేవాడు.

నేను బడిలో భాష చెబుతాను. పక్కగదిలో కూర్చుని పిల్లల వ్యాసాలు దిద్దుకునేవాణ్ని. నన్నెవరూ వినమని అడగలేదు. ఒకసారి నేనే అడిగాను, ఒక్క ప్రసంగమైనా నేను వింటానని. నా భార్య నవ్వింది. "మీరొద్దు. మీరు మాట ఎక్కడ తప్పిందో వింటారు. అక్క, మనిషి ఏం చెబుతున్నాడో వింటుంది," అంది. నేనూ నవ్వాను. పేరు పెట్టలేనిది ఏదో ఆ రోజు నుంచే నాలో మొదలైంది. ఇప్పుడు పేరు పెట్టగలను. అది కడుపుమంట.

తన ప్రసంగాన్ని ఆమె ఎప్పుడూ కాగితం మీద పెట్టలేదు. ఎండాకాలం నుంచే రోజుకో ముక్క అక్కకు చెబుతూ, చెరుపుతూ, మళ్లీ చెబుతూ దాన్ని తయారు చేసేది. తలుపు దగ్గరగా వేసి ఉండేది. గోడ ఇవతలికి మాటలు అందేవి కావు, నవ్వులు అందేవి. భూమి ధర గురించి మాట్లాడుకుంటూ అంత నవ్వేందుకు ఏముంటుందో నాకు తెలిసేది కాదు. చివరి శనివారం హాలులో, ఊళ్లోవాళ్లందరితో పాటు, నేనూ మొదటిసారి వినేవాణ్ని.

ఆ ఏడు ఎండలు తగ్గకముందే ఆమె పోయింది. మామూలు జ్వరమే అనుకున్నాం.

*

మొదటి వాన పడ్డాక గంటాయన వచ్చాడు. గ్రంథాలయానికి కార్యదర్శి ఆయన. వక్త సమయం దాటగానే బల్లమీది గంట కొడతాడు కనుక ఊరంతా ఆయన్ను గంటాయన అనే పిలుస్తుంది. గొడుగు గుమ్మంలో ఆనించి, కుర్చీ అంచున కూర్చుని, ఈ ఏటికి ఉపన్యాసాలు ఆపేద్దామా అని నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోపు వదిన జరపమంది. చెల్లి పిలిచిన వాళ్లందరూ ఎలాగూ ఒప్పుకునే ఉన్నారనీ, మధ్యలో వద్దంటే వాళ్లనే అవమానించినట్టనీ చెప్పింది.

చివరి శనివారం సంగతి ఏమిటన్నాడు గంటాయన. నేను మాట్లాడతానన్నాను. ఆయన నాకేసి కాకుండా వదినకేసి చూశాడు.

"అమ్మగారు ఏం మాట్లాడాలనుకున్నారో ఎక్కడైనా రాసి పెట్టారా మాస్టారూ?"

లేదన్నాను.

"మరి ఎవరికైనా తెలుసా?"

"నాకు చెప్పింది," అంది వదిన.

"ఎంతవరకు?"

"చివరిదాకా. ఆస్పత్రికి వెళ్లేముందు వారం పూర్తయింది."

ఆస్పత్రికి వెళ్లేముందు వారం ఆమె నాతో పాలు విరిగాయని చెప్పింది. కరెంటు బిల్లు కట్టమంది. నాకు గుర్తున్నవి అవే.

అలాగైతే మీరే చెప్పండమ్మా అన్నాడు గంటాయన. వదిన చేతులు అడ్డంగా ఊపింది. తను బతుకంతా ఒక్క చెవిలోనే మాట్లాడాననీ, అన్ని చెవులు ఒక్కసారి కనబడితే తనకు నోరు పెగలదనీ అంది. చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. వదిన నాకు చెబుతుంది, నేను రాసుకుని హాలులో మాట్లాడతాను. గంటాయన తృప్తిగా లేచాడు. వెళ్తూ వెళ్తూ మంచి పరిష్కారం అని మెచ్చుకున్నాడు. నా భార్య ఆఖరి ప్రసంగాన్ని నేను మరొకరి నోటి నుంచి అప్పు తెచ్చుకోవలసి రావడం ఆయనకు పరిష్కారంగా కనబడింది.

*

శనివారాలు మొదలయ్యాయి. వక్తలు ఒక్కొక్కరే వచ్చేవారు. గుమ్మంలో నా చెయ్యి పట్టుకుని రెండు మాటలు అనేవారు, గొంతు సవరించుకునేవారు, లోపలికి వెళ్లి వదిన ఎదుట కూర్చునేవారు. గది మధ్యకు వెళ్లేసరికి నేను వాళ్లకు గుర్తుండేవాణ్ని కాను. నీటి కాలువల మీద మాట్లాడే ఇంజనీరు, మా ఇద్దరినీ బాగా ఎరిగినవాడే, ప్రసంగం చెప్పడం అయ్యాక అక్కడే కళ్లు తుడుచుకున్నాడు. అక్కలో చెల్లెలు కనిపించింది అన్నాడు. నేను పక్కగదిలో ఎర్ర సిరాతో ఒక పిల్లవాడి వ్యాసంలో లేని తప్పు దిద్దాను.

ఆ వారమే నా చొక్కాలను బజారులో ఇస్త్రీకి ఇవ్వడం మొదలుపెట్టాను. ఎందుకని వదిన అడగలేదు. నాలుగు రోజులు పోయాక కాలరు మీద గోధుమరంగు మచ్చ చూసింది.

"మెడ కాలలేదు, సంతోషించండి," అంది.

"పనివాడు కొత్తవాడట."

"కొత్తవాడు కాలరు కాలుస్తాడు. పాతవాళ్లు ఏం కాలుస్తారో మీకు తెలుసుగా మాస్టారూ."

నాకు తెలుసు. పాతవాళ్లకు కాలేది కడుపే.

*

ఒక ఆదివారం పొద్దున, ఆ ఎదురు కుర్చీలో నేను మొదటిసారి కూర్చున్నాను. కాగితాలు ఒళ్లో పెట్టుకున్నాను. వదిన దుప్పటి సర్ది, చెప్పడం మొదలుపెట్టింది.

ప్రసంగం మా వీధి చివరి ఖాళీ స్థలం గురించి. చుట్టూ ముళ్లకంచె, లోపల మోకాలెత్తు గడ్డి. సొంతదారు ఎవరో వీధిలో ఎవరూ చూడలేదు. అతను ఒక్క ఇటుక పెట్టలేదు. వీధి మొగలో బస్సు ఆగడం మొదలైంది, ఆ స్థలం ధర పెరిగింది. మురుగుకాలువ కట్టారు, మళ్లీ పెరిగింది. దీపాలు వచ్చాయి, చిన్న ఆస్పత్రి వచ్చింది, పెరిగింది, పెరిగింది. బస్సు నడిపినవాడూ, కాలువ తవ్వినవాడూ, దీపాలకు పన్ను కట్టినవాళ్లూ ఇక్కడే ఉన్నారు. వాళ్ల పనంతా వెళ్లి ఆ కంచె లోపల కూర్చుంటోంది. దాన్ని మనం ఖాళీ స్థలం అంటున్నాం.

"ఊరంతా కలిసి ఈనగాచి నక్కలపాలు చేస్తోంది," అంది వదిన.

నేను కలం ఆపాను. "సామెత ఆమెది కాదు. అది మీరు కలిపారు."

"అదే అంది."

"హాలులో అనేందుకా? ఆమె అక్కడ సామెతలు వాడదు."

"వాడుదాం అక్కా, నిద్రపోయేవాళ్లు లేస్తారు అంది."

ఆ ఒక్కదానితో ఆగలేదు నేను. 'ఊరికే పెరిగింది' అని ఆమె అనదనీ, 'శ్రమ లేకుండా' అని ఉంటుందనీ అన్నాను. ఉపాయాన్ని చెప్పేచోట, కట్టిన ఇంటి మీద కాకుండా నేల విలువ మీద ఏటా పన్ను వేసి దాన్ని రోడ్డుకూ బడికీ తిరిగి పెట్టాలనే చోట, వాక్యాల వరస మార్చాను. వదిన కాసేపు చూసి, కోడిగుడ్డుకు ఈకలు పీకడం అయితే చెప్పండి, ముందుకు పోదాం అంది. నేను పీకుతూనే ఉన్నాను. ఆ ప్రసంగంలో ఒక్క మాటైనా నాకు తెలిసిందని, వదినకు తెలియనిదని, ఎవరో ఒకరు ఒప్పుకోవాలని నాకు ఉండింది.

మధ్యలో ఒకచోట ఆవిడ ఆగింది. "ఇక్కడొక ఉదాహరణ ఉంది. దాని సంగతి తర్వాత," అని దాటేసింది. మర్చిపోయింది అనుకున్నాను. ఆవిడ కూడా మర్చిపోగలదని తెలిసి లోపల సంతోషించాను.

ఆ ఖాళీని నేనే పూరించాను. కొత్త రైల్వేస్టేషను, దాని పక్కన కొట్లు, పెరిగిన అద్దెలు. మంచి వాక్యాలతో రాశాను. మొత్తం ప్రసంగాన్ని సాపు చేసి, నియమం ప్రకారం వదినకు వినిపించాను. బాగానే నడిచింది. రైల్వేస్టేషను దగ్గర పెట్టె నిలబడింది. మార్చి రాశాను. మళ్లీ అక్కడే నిలబడింది. కొట్లు తీసేసి సినిమాహాలు పెట్టాను. సినిమాహాలు దగ్గరా నిలబడింది.

*

చివరి శనివారానికి ముందు బుధవారం, సాయంత్రం. కిటికీలకు చినుకులు కొడుతున్నాయి. మళ్లీ అక్కడే పెట్టె నిలబెట్టింది వదిన.

"ఏముంది ఇందులో అర్థం కానిది?" అన్నాను.

"అర్థమైంది. బాగుంది కూడా. మీ ప్రసంగం అది. దానిది కాదు."

"దానిది ఏదో మీకొక్కరికే తెలుసు."

"నాకొక్కదానికే చెప్పింది మరి."

"ఆమె నా భార్య, వదినా."

గొంతు పెంచలేదు నేను. పిల్లల మీద కూడా పెంచను. కానీ ఆ మాట గదిలో నేను అనుకున్నదానికంటే పెద్దగా వినిపించింది. వదిన వంగి స్విచ్చి ఆపింది. ఇస్త్రీ చేస్తున్న దిండు గలీబును మడత పెట్టింది. దాన్ని విప్పి మళ్లీ మడత పెట్టింది.

"మీ భార్యే. ఎవరు కాదన్నారు? దానికి ఒంట్లో బాగులేకపోతే మీకు చెప్పింది. ఆఫీసులో ఎవడైనా మాటంటే మీకు చెప్పింది. భయమేస్తే మీకు చెప్పింది. నాకేం చెప్పింది మాస్టారూ? భూమి. ఏళ్ల తరబడి భూమి, రోడ్లు, పన్నులు. నాకా గోల పట్టదని దానికీ తెలుసు. అక్కా నాకిలా ఉంది అని ఒక్క మాట అనేది కాదు. మీ ఇద్దరూ ఆ గదిలో మెల్లగా మాట్లాడుకునేవారు. ఎక్స్ఛేంజిలో ఊరందరి మాటలూ విన్నాను నేను. ఇంట్లో గోడ పక్కన పడుకుని ఒక్క మాట వినలేకపోయాను."

ఆవిడ ఏడవలేదు. దిండు గలీబును బట్టల దొంతర మీద పెట్టి, దొంతరను సరిచేసింది. ఇన్నేళ్లూ నేను చెవి ఒగ్గిన గోడ అదే. దానికి అవతలి పక్కన కూడా ఒక మనిషి చెవి ఒగ్గి ఉందని నాకు తోచనేలేదు.

కాసేపయ్యాక, ఆ ఉదాహరణ ఏమిటని అడిగాను.

"అది మీరు చెప్పకూడదు."

"ఎందుకు?"

"అందులో ఉన్నది మీరే కనుక. ఎవరి వీపు వాళ్లు తోముకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది."

నన్ను గురించి ఏం చెప్పిందని అడిగాను. వదిన తల అడ్డంగా ఊపింది. హాలులోనే చెప్పాల్సిన మాట అట. ఇక్కడ కాదట. నాకు కోపం రావలసింది. వచ్చింది కూడా, కానీ దాని వెనకే ఇంకొకటి వచ్చింది. ఆమె ప్రసంగంలో నేను ఉన్నాను. ఎక్కడో మధ్యలో, రైల్వేస్టేషను పెట్టి నేను పూడ్చేసిన చోట.

కాగితాలు మడిచి బల్ల మీద పెట్టాను.

"అయితే మీరే చెప్పండి."

"గుంపులో నాకు నోరు రాదన్నానుగా."

"గుంపుకు కాదు, నాకు చెప్పండి. వాళ్లు వింటే విననివ్వండి."

వదిన ఇస్త్రీపెట్టె తీగను చుట్టి పెట్టింది. తర్వాత, రేపటి నుంచి ఆ చొక్కాలు ఇంట్లో పడెయ్యండి అంది.

*

వేదిక మీద ఎదురెదురుగా రెండు కుర్చీలు వెయ్యమంటే గంటాయన కంగారు పడ్డాడు. ఇది చర్చా, ప్రసంగమా అన్నాడు. ప్రసంగమే అన్నాను. వాన పడుతున్నా హాలు నిండింది. ఆ ఏడు మాట్లాడినవాళ్లంతా ముందు వరసలో కూర్చున్నారు. ప్రొఫెసరు కూడా వచ్చాడు.

వదిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక్కసారి కూడా హాలుకేసి తిరగలేదు. "మాస్టారూ," అని మొదలుపెట్టింది, ఇంట్లో పిలిచినట్టే. గొంతు చిన్నది. మైకు ఆవిడ ముందుకు జరిపారు. నాకు చెబుతున్న మాటలను వినేందుకు జనం ముందుకు వంగడం నా కంటి చివర కనబడుతోంది. కంచె, గడ్డి, బస్సు, కాలువ, అన్నీ వచ్చాయి. సామెత దగ్గర వెనక వరసల్లో నవ్వారు. అప్పుడొచ్చింది ఆ చోటు.

"ఒక మాస్టారున్నాడు," అంది వదిన. "బడి ఎదురు వీధిలో అద్దెకుండేవాడు. పాఠం బాగా చెబుతాడు. ఎక్కడా చదవని పిల్లలు ఆయన దగ్గర చదివారు. ఆ బడికి పేరొచ్చింది. పేరొచ్చేసరికి, పిల్లల్ని ఆ బడిలో వెయ్యాలని ఊరి నాలుగు మూలల నుంచీ జనం ఆ వీధికి కాపురాలు మార్చారు. అద్దెలు పెరిగాయి. ఇంటాయన వచ్చి, మాస్టారూ మీ బడికి గిరాకీ పెరిగింది, అద్దె పెంచక తప్పదు అన్నాడు. ఆ ఇంటాయన ఎవరికీ ఒక్క అక్షరం నేర్పలేదు."

హాలు నవ్వింది. వదిన ఆగింది, నవ్వు అయ్యేదాకా.

"మాస్టారు ఇల్లు మారాడు. ఊరి ఈ చివరికి. రెండు బస్సులెక్కి బడికి వెళ్తాడు. తను చెప్పిన పాఠానికి తనే అద్దె కట్టలేకపోయాడు. ఇంట్లోవాళ్లకు మాత్రం, అక్కడ గాలి బాగుంటుంది, అందుకని మారుదాం అన్నాడు. పిల్లలెవరూ చూడకుండా సెలవు రోజున సామాను తీసుకెళ్లాడు. ఆయన భార్య అవును, గాలి బాగుంటుంది అంది. ఏమని చెబుతుంది? సిగ్గుపడాల్సింది మీరు కాదని చెప్పాలంటే, ఎవరో, ఎందుకో, ఇంత లెక్క చెప్పాలి. అందుకే ఈ లెక్కంతా నేర్చుకుంది."

గంట మోగింది. గంటాయన సమయం తప్పడు. వదిన ఆయనకేసి చూసి, ఇంకొంచెం ఉంది అని, పన్ను సంగతి చెప్పి ముగించింది.

నేను వినలేదు ఆ పన్ను సంగతి. గాలి బాగుంటుందని చెప్పిన సాయంత్రం ఆమె కిటికీ తెరిచి నిలబడటం గుర్తొచ్చింది. నిజమే అంది. ఇన్నేళ్లూ నమ్మిందనుకున్నాను. ఇంటాయన అన్న మాట ఆమెకు ఎవరు చేరవేశారో తెలియదు. తెలిసిన సంగతి నాతో అనలేదు, వదినతో అంది. చప్పట్లు కొడుతున్నారు. అప్పుడు కూడా, ఆ చప్పట్ల మధ్య కూడా, నా లోపల ఆ పాత మంట ఒకసారి లేచి మళ్లీ కూర్చుంది.

*

బయటికి వచ్చేసరికి వాన వెలిసింది. ఇంకా వెలుతురుంది. బస్సు కోసం ఆగకుండా నడిచాం. గుంటలు దాటుతూ, గొడుగులు ముడిచి పట్టుకుని.

"నిద్రలో మాట్లాడేదా అది?" అంది వదిన. "చిన్నప్పుడు మాట్లాడేది."

మాట్లాడేదని చెప్పాను. ఎవరో మ్యాపును తలకిందులుగా పట్టుకున్నారని తిట్టేది. వదిన గట్టిగా నవ్వింది. లిఫ్టు ఎక్కేందుకు ఆమె భయపడేదని చెప్పాను. తలుపులు మూసుకోగానే ఊపిరాడదని, ఆఫీసులో అన్ని అంతస్తులూ మెట్లెక్కే వెళ్లేదని.

"నాతో కాళ్లకు మంచిదని అనేది."

"ఆఫీసులో కూడా అలాగే చెప్పింది."

"ఇంకా?"

ఇంకా చెప్పాను. కోపం వస్తే అల్మరా సర్దేదని. తన చేతిరాత తనకే నచ్చేది కాదని. వదిన ఒక్కోదానికీ నడక తగ్గించి వినేది. కొన్నింటికి అలాగా అనేది. ఆ వీధుల్లో నా దగ్గరున్నవి ఒక్కొక్కటే ఇచ్చుకుంటూ వచ్చాను. ఇస్తుంటే నొప్పిగానే ఉంది.

ఆస్పత్రిలో ఆఖరి మధ్యాహ్నం ఆమె నాతో అన్న మాట ఒకటుంది. అది ఇవ్వలేదు. వదిన అడగనూ లేదు. ఆ ప్రసంగంలోంచి తను కూడా ఏదో ఒక ముక్క ఉంచుకునే ఉంటుంది. ఏమిటని నేనూ అడగలేదు.